అరికాళ్ళ లెక్క

రెండో గ్లాసు టీ తాగుతూ ఓదెలు రాజమ్మ నోటి వైపు చూస్తున్నాడు. ఆమె పెదవులు ఆగాయి. అతను తల ఊపాడు.

పొద్దున ఆరున్నరకు టీబండి దగ్గర రాజమ్మ అడిగే మాటలు మూడే. ఒంట్లో బాగుందా, బిస్కెట్ కావాలా, ఇవాళ తూటాలు ఉన్నాయా. మూడింటికీ తల ఊపితే సరిపోతుంది. ఏడు నెలలుగా సరిపోతూ వచ్చింది.

ఇవాళ రాజమ్మ స్టవ్ మంట తగ్గించి, నడుము మీద చెయ్యి పెట్టుకుని అతని ముందుకొచ్చింది. గట్టిగా అంది కనక ఈసారి మాట కుడి చెవిలో పడింది.

"ఎల్లక్క యాడున్నదని అడుగుతున్న. తల ఊపుతవేంది పెద్దయ్యా?"

"నీ ఛాయ్ బాగున్నదని ఊపిన."

"రోజూ గిదే ఛాయ్. ఇయ్యాల్నే బాగైందా?"

పక్కన నిలబడ్డ డ్రిల్లింగ్ వాళ్ళు నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. నవ్వుతుంటే టీ తొణికి బొటనవేలి మీద పడింది. ఎవరికైనా అనుమానం వచ్చిందేమోనని ఒక్కొక్కరి ముఖం చూశాడు. వాళ్ళు అప్పటికే వేరే సంగతిలో ఉన్నారు.

అది తొంభై ఎనిమిది అక్టోబర్. మాదాపూర్ దాటి కొండాపూర్ వైపు పోయే రోడ్డు పక్కన పది అంతస్తుల భవనం ఒకటి లేచింది. దానికి అద్దాలు బిగిస్తున్నారు. దాని పక్కనే ఇంకో భవనానికి పునాది తవ్వాలి. తవ్వడానికి అక్కడ మట్టి లేదు, బండ ఉంది. బండకు బొక్కలు వేస్తారు. బొక్కల్లో మందు తూటాలు కూరి పేలుస్తారు. పగిలిన రాయిని ఆడవాళ్ళు తట్టల్లో ఎత్తి లారీల్లో పోస్తారు. ఆ పనిలో యాభై మంది దాకా ఉన్నారు. వాళ్ళలో ఓదెలు అందరికంటే పెద్దవాడు. అరవై రెండని అతను చెబుతాడు. రేషన్ కార్డులో అరవై ఎనిమిది అని ఉంది.

అతని ఊరు సుల్తానాబాద్ దగ్గర. పద్దెనిమిదో ఏట సమ్మెట పట్టాడు. శ్రీరాంసాగర్ కాలువకు కొట్టాడు, రామగుండంలో కొట్టాడు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో కొట్టాడు. ఎడమ చెవి కాలువ దగ్గరే పోయింది. అప్పుడు దాన్ని అతను లెక్కచెయ్యలేదు. రాయికి చెవులతో పని లేదు. కిందటి సంవత్సరం భుజాలు లేవడం మానేశాక మేస్త్రి అతని చేతికి ఎర్రజెండా ఇచ్చి, మెడలో ఈల వేసి, రోడ్డు పక్కన ఉన్న గుండు రాయి దగ్గర కూర్చోబెట్టాడు. పదకొండు నెలలైంది.

కూర్చుని చేసే పని జీవితంలో అతనికి అదే మొదటిది.

కూర్చోవడం మొదలుపెట్టాక అతనికి కొన్ని సంగతులు తెలిశాయి. ఆ గుండుకు ఎనిమిదింటికల్లా ఎండ తగులుతుందని, వీపు ఆనిస్తే నడుము నొప్పి తొమ్మిదిన్నర వరకు రాదని తెలిసింది. టీ గ్లాసును అంచు దగ్గర కాక రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే వేళ్ళ కీళ్ళు సాగుతాయి. గుండ్ల సందుల్లో మూడు సీతాఫలం చెట్లున్నాయి. రెండు రోజులకో కాయ పండబోతూ కన్ను తెరుస్తుంది. ఉడత చూడకముందే కొయ్యాలి. పదింటప్పుడు మబ్బు ఒకటి కొత్త భవనం అద్దాల్లో ఒక పలకలోంచి ఇంకో పలకలోకి పోతుంది. సందులో సగం మబ్బు కనపడదు. అది మళ్ళీ వచ్చేదాకా ఓదెలు చూస్తూ కూర్చుంటాడు. నలభై ఏళ్ళు బండలను ఎక్కడ పగులుతాయోనని మాత్రమే చూసిన మనిషికి ఇవి కొత్త.

మధ్యాహ్నం భార్య ఎల్లమ్మ జొన్నరొట్టె, పచ్చిమిరప కారం మూటకట్టి తెస్తుంది. ఆమె తట్టలు మోసే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద. అతని కుడి పక్కన కూర్చుంటుంది. పెళ్ళయిన తర్వాత పగటిపూట ఇద్దరూ కూర్చుని కలిసి తిన్నది ఈ పదకొండు నెలలే. అంతకుముందు ఎవరి కూలి దగ్గర వాళ్ళు నిలబడి తిన్నారు.

ఇవన్నీ జెండాతో వచ్చాయి. జెండా పోతే ఇవీ పోతాయి. పొద్దున లేచినప్పటి నుంచి ఓదెలు భయం అదే.

జెండా మనిషికి మూడు పనులు. తూటాలు పేల్చే ముందు మూడు పొట్టి ఈలలు ఊది రోడ్డు మీద బండ్లు ఆపాలి. తూటాలు లెక్కపెట్టాలి. లెక్క కుదిరితే ఒక పొడుగు ఈల ఊదాలి. పొడుగు ఈల వినకుండా తట్టల వాళ్ళు గుంతలోకి దిగరు.

మూడింటిలో లెక్క పెద్దది. ఎన్ని బొక్కలకు వత్తి అంటిస్తే అన్ని చప్పుళ్ళు రావాలి. వత్తుల పొడవులు వేరు కనక తూటాలు ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. ఇద్దరు లెక్కపెడతారు. వత్తి అంటించిన స్వామి ఒకరు, జెండా మనిషి ఒకరు. మధ్యలో నూట యాభై గజాల దూరం, కనక చేతివేళ్ళతో చూపించుకుంటారు. ఇద్దరి వేళ్ళూ కుదిరితేనే పొడుగు ఈల. ఒకటి తగ్గినా అరగంట ఎవరూ దిగకూడదు. పేలని తూటా బండలో ఉన్నట్టు. దాని మీద గడ్డపార మొన పడితే చాలు.

మొన్న ఉగాది తర్వాత ఒక రోజు ఓదెలుకు మొదటి తూటా వినపడింది. రెండోది వినపడలేదు. చెవిలో తేనెతుట్టె కదిలినట్టు హోరు లేచి మిగతావన్నీ అందులో కలిసిపోయాయి. స్వామి ఎనిమిది వేళ్ళు చూపించాడు. ఓదెలూ ఎనిమిది చూపించాడు. పొడుగు ఈల ఊదాడు. తట్ట పట్టుకుని మొదట దిగింది ఎల్లమ్మ. ఆమె తిరిగి పైకి వచ్చేవరకు అతను గుంత అంచునే చూస్తూ నిలబడ్డాడు. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు అతను చెప్పులు విడిచి బండ మీద నిలబడ్డాడు. గుంత దగ్గర ఉన్నదీ అతని కాళ్ళ కింద ఉన్నదీ ఒకటే బండ. తూటా పేలినప్పుడల్లా మడమలో దెబ్బ తగిలింది. హోరు అక్కడిదాకా రాలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంది. ఆరు లెక్కపెట్టాడు. స్వామి ఆరు వేళ్ళు చూపించాడు. ఆనాటి నుంచి ఓదెలు లెక్క తప్పలేదు. ఈ సంగతి ఎల్లమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇవాళ తొమ్మిదింటికి తొమ్మిది బొక్కలు పేల్చారు. అరికాళ్ళు తొమ్మిది చెప్పాయి. స్వామి తొమ్మిది చూపించాడు. పొడుగు ఈల ఊది ఓదెలు గుండుకు వీపు ఆనించాడు. ఎండ బాగుంది. ఇక సాయంత్రం వరకు భయం లేదనుకున్నాడు.

పన్నెండింటికి సైట్ ఇంజనీరు రామ్మోహనరావు వ్యాన్‌లో పెట్టెలు దింపించాడు. ఆయనది తణుకు వైపు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉంటాడు, స్కూటర్ మీద వస్తాడు. కేకలు వేసే మనిషి కాదు. ఒకసారి చెప్పి వదిలేస్తాడు.

"రేపు పొద్దున పదింటికి సింగపూర్ నుంచి మనుషులు వస్తున్నారు. సైటులో ఉత్తకాళ్ళతో ఒక్కళ్ళు కూడా కనపడకూడదు. ఈ పూట నుంచే వేసుకుని అలవాటు చేసుకోండి. బూట్లు లేనివాళ్ళు గేటు బయటే."

పెట్టెల్లో పసుపు టోపీలు, నల్లబూట్లు ఉన్నాయి. ఆడవాళ్ళ కొలతల్లో బూట్లు రాలేదు. వాళ్ళకు టోపీలు ఇచ్చారు. ఓదెలు బూటును చేతిలోకి తీసుకుని అడుగు భాగం నొక్కి చూశాడు. రబ్బరు రెండు వేళ్ళ మందం ఉంది.

"నాకొద్దు సారూ. నేను గుంతలకు దిగను గదా."

"నీకే ముందు కావాలయ్యా పెద్దాయనా. వాళ్ళ కారుకి ఎదురుగా జెండా పట్టుకుని నిలబడేది నువ్వే. వేలిముద్ర వేసి తీసుకో."

లేసులు కట్టడం ఓదెలుకు రాదు. అరవై ఏళ్ళలో ఆ అవసరం రాలేదు. స్వామి అతని ముందు గొంతుక్కూర్చుని కట్టాడు. స్వామికి ముప్పై ఏళ్ళు, పక్క ఊరివాడు, మామా అని పిలుస్తాడు.

"పెండ్లిపిలగానోలె ఉన్నవ్ మామా. గుర్రం ఒక్కటే తక్కువ."

"జర వదులుగ కట్టు అల్లుడా."

"వదులుగ కడితే ఊశిపోయి పడ్తవ్. పండ్లు రాలితే అత్త నన్ను తంతది." ముడి మీద ముడి వేసి గట్టిగా లాగాడు.

తిండి వేళకు ఓదెలు గుండు దగ్గర కూర్చోలేదు. ఎల్లమ్మను రేకుల షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడా కింద బండే. తలకాయంత రాయిని చూపించాడు.

"నేను గోడ దిక్కు తిరుగుత. నువ్వు గా రాయిని ఎత్తి ఏయ్."

ఎల్లమ్మ అతని బూట్లు చూసింది. వంగి రాయి ఎత్తింది. అతను గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. మడమల మీద బరువు వేసి ఎదురుచూశాడు. బూట్ల లోపల చెమట పట్టింది, అంతకుమించి ఏమీ తెలియలేదు. కాసేపటికి ఎల్లమ్మ చెయ్యి భుజం మీద పడింది.

"ఏసినవా?"

ఎల్లమ్మ మూడు వేళ్ళు చూపించింది.

ఇద్దరూ కూర్చున్నారు. ఎల్లమ్మ రొట్టె విప్పింది. అతను ముక్క తుంచి చేతిలో పట్టుకున్నాడు. ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"సారుకు చెప్పు."

"చెప్తే జెండా గుంజుకుంటడు."

"గుంజుకోనీ."

"గుంజుకుంటే నేనేం జెయ్యాలె? గడ్డపార వట్టే చేతులా ఇవి? ఇగ కూసొని తినుడు ఉండదు. నువ్వొక తాన, నేనొక తాన."

ఎల్లమ్మ తన ముక్క తిన్నది. నీళ్ళు తాగింది. చేతులు దులుపుకుంది.

"నువ్వు ఈల ఊదంగనే ముందుగాల దిగేది నేను. గది యాదుంచుకో," అంది.

మధ్యాహ్నం పన్నెండు బొక్కలు. తట్టల వాళ్ళు దిగే బాట పక్క నుంచి భవనం వైపు వరుసగా ఉన్నాయి. తూటాల మీద బంకమట్టి కూరడం అయ్యేసరికి మూడున్నర దాటింది. చీకటి పడేలోపు ఆ రాయంతా ఎత్తి గుంత శుభ్రం చెయ్యాలని చెప్పి రామ్మోహనరావు రోడ్డు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రేపు కారు ఎక్కడ ఆగాలో, జెండా ఎక్కడ కనపడాలో చూసుకుంటున్నాడు. ఆయన పక్కనే ఉండడంతో ఓదెలు బూట్ల మీదికి వంగలేదు. ఆయన అటు తిరిగినప్పుడు ఒకసారి లేసు కొస లాగాడు. ముడి ఇంకా బిగిసింది.

స్వామి బీడీ వెలిగించడం కనపడింది. బీడీతోనే వత్తులు అంటిస్తాడు. ఓదెలు మూడు పొట్టి ఈలలు ఊదాడు. జెండా అడ్డం పెట్టాడు. రెండు ఆటోలు, ఒక ఆఫీసు బస్సు ఆగాయి. బస్సు కిటికీల్లో మెడలో గుర్తింపు బిళ్ళలు వేసుకున్న పడుచు పిల్లలు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. రామ్మోహనరావు గోడ చాటుకు వెళ్ళాడు. స్వామి వరుస చివరి వత్తి అంటించి గట్టు మీదికి పరుగెత్తాడు.

అప్పటి నుంచి మొదటి తూటాకు నిమిషమున్నర ఉంటుంది.

ఓదెలు జెండాను చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. ముడిని గోళ్ళతో గీకాడు. గోళ్ళు రాళ్ళకు అరిగినవి, ముడిలోకి దిగలేదు. పళ్ళతో అందుకోబోతే నడుము వంగలేదు. ముడి వదిలేసి కుడి బూటు మడమను రెండు చేతులతో పట్టుకుని లాగాడు. రాలేదు. ఎడమ కాలితో తన్నిపట్టి లాగాడు. చీలమండ దగ్గర చర్మం లేచింది. మొదటి తూటా పేలింది. అది చెవికి వినపడింది. హోరు మొదలైంది. బూటు ఊడింది. అతను లేచి కుడి కాలు బండ మీద ఆనించాడు.

మడమలో దెబ్బ తగిలింది. రెండు అనుకున్నాడు. మూడు. నాలుగు, ఐదు వెంటవెంటనే. ఆరు. దుమ్ము లేచి గుంత కనపడలేదు. ఏడు. ఎనిమిది. రాళ్ళు పడుతున్న చిన్న అదురు వేరు, తూటా దెబ్బ వేరు. అది అతనికి తెలుసు. తొమ్మిది. పది. పదకొండు.

ఆగాడు. ఒంటికాలి మీద బరువంతా వేసి నిలబడ్డాడు. బండ కదలలేదు. ఇంకా కదలలేదు.

అవతలి గట్టు మీద స్వామి పది వేళ్ళూ చూపించాడు. చేతులు దించి మళ్ళీ రెండు వేళ్ళు చూపించాడు.

తట్టల వాళ్ళు లారీల చాటు నుంచి బాట మొదట్లోకి వచ్చి నిలబడ్డారు. పసుపు టోపీల వరుసలో ఎల్లమ్మ ముందుంది.

ఓదెలు పది వేళ్ళూ ఎత్తాడు. చేతులు దించాడు. ఒకటో తూటా చెవికి తగిలింది. కాలికి తగిలిన మొదటిది రెండోదేనా? బూటు ఊడి కాలు ఆనేలోపు ఒకటి పోయిందా? పోయి ఉంటే స్వామి లెక్కే నిజం. అప్పుడు రెండో వేలు ఎత్తడమే సరి. ఎత్తితే ఎవరూ ఏమీ అడగరు. రేపు పొద్దున గుండు మీద ఎండ ఉంటుంది. రాజమ్మ టీ ఉంటుంది. మధ్యాహ్నం ఎల్లమ్మ పక్కన రొట్టె ఉంటుంది.

చెయ్యి ఎత్తాడు. ఒక వేలు చూపించాడు.

రామ్మోహనరావు గోడ చాటు నుంచి వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"ఒకటేంటయ్యా? రెండు కదా. పన్నెండు నేనూ విన్నాను."

ఓదెలు ఆయన పెదవులు చూశాడు. "పదకొండు సారూ."

"నీ బూటేది?"

బూటు జెండా పక్కన పడి ఉంది. కాలి మీది నుంచి రక్తం బండ మీదికి కారింది. ఓదెలు ఉత్తకాలిని చూపించాడు.

"నాకు చెవులు ఇనరావు సారూ. కాలుతోని లెక్కవెడ్త. బూటుతోని తెలుస్తలేదు. గందుకే తీసిన."

"ఎప్పట్నుంచి?"

"ఉగాది సంది."

రామ్మోహనరావు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఆయన ముఖం మారింది.

"చెవులు లేని లెక్క లెక్కెలా అవుతుందయ్యా? వినపడే ఇద్దరం పన్నెండు విన్నాం. ఈల ఊదు. చీకటి పడేలోపు గుంత ఖాళీ అవ్వాలి."

"ఊద సారూ."

"పోనీ ఈల ఇలా ఇయ్యి."

ఓదెలు ఈలను గుప్పిట్లో మూశాడు. గుప్పిట విప్పలేదు. రామ్మోహనరావు దాన్ని లాక్కునే మనిషి కాదు. బాట వైపు నడిచి ఆడవాళ్ళకు చెయ్యి ఊపాడు.

"ఏం పర్లేదమ్మా, దిగండి. లెక్క సరిపోయింది."

ఎల్లమ్మ ఇంజనీరును చూసింది. దూరంగా ఒక కాలికి బూటుతో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. తట్టను బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఈల ఊదలే సారూ."

వెనక ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తట్టలు బోర్లించారు.

"కాళ్ళు గుంజుతున్నయి సారూ. మాకు బూట్లన్న తేకపోతివి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురైదుగురు నవ్వారు. ఎల్లమ్మ నవ్వలేదు.

అరగంట గడవాలి. రామ్మోహనరావు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ నడిచాడు. ఆఫీసు బస్సు హారన్ కొట్టి కొట్టి వెనక్కి తిరిగి గచ్చిబౌలి వైపు పోయింది. ఓదెలు కూర్చోలేదు. తన లెక్క తప్పైతే ఏడు నెలల సంగతి ఊరికే బయటపెట్టుకున్నట్టు. లెక్క ఒప్పైతే ఎల్లమ్మ కూర్చున్న చోటికి కొన్ని గజాల దూరంలో తూటా ఉన్నట్టు. ఏది కోరుకోవాలో తెలియలేదు. కోరుకోవడం మానేసి, దుమ్ము దిగుతుంటే చూశాడు.

నాలుగుంపావుకు స్వామి ఒక్కడే గుంతలోకి దిగాడు. బూట్లు గట్టు మీద విప్పి దిగాడు. పగిలిన రాళ్ళ మీద ఒక్కో అడుగు పెట్టి, భవనం వైపు నుంచి ఒక్కో బొక్కా చూసుకుంటూ బాట వైపు వచ్చాడు. బాట పక్కన మొదటి బొక్క దగ్గర వంగాడు. లేవలేదు. రెండు రాళ్ళు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ వంగాడు. తర్వాత లేచి, అరచెయ్యి చాచి, ఎవరూ రావద్దన్నట్టు పట్టుకున్నాడు. అలాగే వెనక్కి నడిచాడు.

అది ఎల్లమ్మ తట్టకు రెండు గజాల దూరం. ఆమె లేచి తట్ట తీసుకుని, ఆడవాళ్ళందరినీ వెనక్కి పొమ్మంది.

స్వామి ఓదెలు దగ్గరికి వచ్చి ముందు నిలబడ్డాడు. బీడీ తీశాడు కాని వెలిగించలేకపోయాడు. అగ్గిపుల్లలు మూడు పాడయ్యాయి.

"పదకొండే మామా. పక్క తూటాకు రాయెగిరి వత్తిని కోసింది. గా అద్దాల గోడకు కొట్టి ఒక సప్పుడు మళ్ళొచ్చింది. గది గూడ కలిపి లెక్కవెట్టిన." ఓదెలు పెదవులు చూస్తున్నాడని గుర్తొచ్చి మళ్ళీ మొదటి నుంచి నెమ్మదిగా చెప్పాడు. చివర "అత్తను సంపుదును గదనే" అన్నాడు.

ఓదెలు అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని బీడీ వెలిగించి ఇచ్చాడు.

ఐదింటికి రామ్మోహనరావు అతన్ని రేకుల షెడ్డులోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆ షెడ్డులో ఓదెలు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు లేకపోతే ఇవాళ..." అని ఆపి ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత గట్టిగా, ఒక్కో మాట విడదీసి చెప్పాడు. "కానీ పెద్దాయనా, నీకు వినపడదని తెలిశాక నిన్ను మళ్ళీ అక్కడ నిలబెట్టలేనయ్యా. రోడ్డు మీద బండి వెనకనుంచి వచ్చినా నీకు తెలీదు. ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?"

"అవును సారూ."

"వేరే పని ఏదైనా..."

"నాతోని కాదు సారూ." ఓదెలు మెడలోంచి ఈల తీసి బల్ల మీద పెట్టాడు. మిగిలిన బూటు స్వామి కత్తితో లేసు కోసి తీశాడు. రెండూ బల్ల కింద పెట్టారు.

రాజమ్మ బండి దగ్గర ఎల్లమ్మ మూటతో నిలబడి ఉంది. గుడిసెలో ఉన్నవి రెండు చీరలు, ఒక దుప్పటి, నాలుగు గిన్నెలు. అన్నీ ఒక మూటలో పట్టాయి.

"నువ్వుండు. నీ పని నీకున్నది," అన్నాడు ఓదెలు.

"నేను లేకుంటే నీకు బస్సు హారన్ ఎవరింటరు?" అని ఎల్లమ్మ చెవిలో అరిచింది.

రాజమ్మ గ్లాసు అందిస్తూ ఏదో అంది. ఓదెలు తల ఊపలేదు.

"గట్టిగ చెప్పు రాజమ్మా. నాకు చెవులు ఇనరావు."

రోడ్డు మీద అందరికీ వినపడేలా అన్నాడు. డ్రిల్లింగ్ వాళ్ళు తిరిగి చూశారు. ఏమీ కాలేదు. రాజమ్మ నోటి చుట్టూ రెండు చేతులు పెట్టి అరిచింది.

"బిస్కెట్ కావాల్నా అంటున్న!"

"రెండియ్యి!"

"అరవకు, నాకు ఇనవడ్తది!"

ముగ్గురూ నవ్వారు. అతను గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని బిస్కెట్ ముంచి తిన్నాడు. టీ తొణకలేదు. రెండో బిస్కెట్ ఎల్లమ్మకు ఇచ్చాడు.

సికింద్రాబాద్ బస్సు కోసం కొత్తగా వేసిన రోడ్డు అంచున నిలబడ్డారు. అక్కడి నుంచి కరీంనగర్ బస్సు పట్టుకోవాలి. పొద్దు దిగుతోంది. ఓదెలు చెప్పులు విడిచాడు.

"ఏమైంది?" అని ఎల్లమ్మ చెయ్యి తిప్పింది.

"రోడ్డు వెచ్చగున్నది. కాళ్ళకు మంచిగున్నది."

ఎల్లమ్మ మూటను కింద పెట్టింది. ఆమె కూడా చెప్పులు విడిచి తారు మీద నిలబడింది. వేళ్ళు ముడిచి, చాచింది. బస్సు వచ్చేవరకు ఇద్దరూ అలాగే నిలబడ్డారు. బస్సు కదిలాక కిటికీలోంచి వాళ్ళ ముఖాలు ఒకసారి భవనం అద్దాల వైపు తిరిగాయి. తర్వాత రోడ్డు మలుపు తిరిగింది.

పొద్దు పోయాక పేల్చడం సైటులో నిషిద్ధం. పేలని బొక్కకు అడుగు దూరంలో ఇంకోటి వేసి రేపు తెల్లవారగానే పేల్చాలని రామ్మోహనరావు కాగితం మీద రాసి మేస్త్రికి ఇచ్చాడు. బొక్కలు వేసే కంప్రెషర్ ఆపేశారు. బాటకు అడ్డంగా తాడు కట్టారు. బొక్క చుట్టూ స్వామి మూడు రాళ్ళు పేర్చి వెళ్ళిపోయాడు. వాటి మధ్య నాలుగు వేళ్ళ వత్తి బండలోంచి బయటికి వంగి ఉంది. దాని కొస కాలలేదు.